మదీనాలో డ్రా కాని ఆట

సౌదీ అరేబియాలో చదరంగం అంటే చాలామందికి 2017 డిసెంబర్‌లో రియాద్‌లో జరిగిన పోటీలు గుర్తొస్తాయి. నాకు ముందు మదీనా గుర్తొస్తుంది.

మన చతురంగం పర్షియాలో చత్రంగ్ అయింది. అరబ్బుల దగ్గర షత్రంజ్ అయింది. ఆ ఆటలో మంత్రికి ఇప్పటి బలం లేదు, పాపం. ఐమూలగా ఒక్క గడి మాత్రమే వెళ్ళేవాడు. బంటు కూడా మొదటి ఎత్తులో ఒక్క గడే. రెండు సేనలు ఎదురుపడటానికి చాలాసేపు పట్టేది. అందుకని ముందు తమ పావులను ఒక పద్ధతిలో అమర్చుకునేవారు. దాని పేరు తబియా. మనం వ్యూహం అనుకోవచ్చు. ఒక తబియా పేరు ముజన్నహ్, అంటే రెక్కలున్నది. 9వ శతాబ్దంలో అల్ అద్లీ, తరవాత అస్ సూలీ ఈ ఆట మీద పుస్తకాలు రాశారు. ఓపెనింగుల్లో అందరికీ బాగా తెలిసిన స్థితిని ఇప్పటికీ తబియా అనే అంటారు.

ఇక డ్రా సంగతి. షత్రంజ్‌లో ఎదుటివాడి పావులన్నీ చంపి రాజును ఒంటరి చేస్తే గెలిచినట్టే. కానీ ఆ ఒంటరి రాజు వెంటనే మీ చివరి పావును చంపేస్తే? ఇద్దరు రాజులే మిగులుతారు. చాలా ఊళ్ళలో అది డ్రా. మదీనావాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. ముందు ఒంటరి చేసినవాడిదే గెలుపు అన్నారు. నాకైతే మిగతా ఊళ్ళ న్యాయమే నచ్చింది. చివరి ఎత్తు దాకా పోరాడినవాడికి అర పాయింటైనా రావద్దా?

రియాద్‌లో ఆ అర పాయింట్లే విశ్వనాథన్ ఆనంద్‌ను నిలబెట్టాయి. అప్పటికి ఆయనకు 48 ఏళ్ళు. ర్యాపిడ్‌లో 15 ఆటలు: 6 గెలుపులు, 9 డ్రాలు, ఓటమి లేదు. మొత్తం పదిన్నర. (ఆ పోటీలకు ఇజ్రాయెల్ ఆటగాళ్ళకు వీసాలు ఇవ్వలేదు. అన్నా ముజీచుక్ తన రెండు ప్రపంచ టైటిళ్ళు పోతాయని తెలిసీ వెళ్ళలేదు. చరిత్రలో అదీ రాయాలి.) ఫెదోసీవ్, నెపోమ్నియాషికి కూడా పదిన్నరే. టైబ్రేక్‌లో ఆనంద్, ఫెదోసీవ్ రెండు బ్లిట్జ్ ఆటలు ఆడారు. రెండూ ఆనందే గెలిచాడు.