తెలుగు తెరకు రెండు డెస్క్‌టాప్‌లు: గ్నోమ్, కేడీఈల ఎంపికలో భాషాచరిత్ర

ఉపోద్ఘాతం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా రహదారికి ఇరువైపులా కనిపించే డీటీపీ దుకాణాలకు తెలుగు పరిశోధనతో ఉన్న సంబంధం చిన్నది కాదు. హైదరాబాదు తూర్పు భాగంలో ఉంటూ పరిశోధన చేసినవారి సిద్ధాంతగ్రంథాలు అనేకం ఇలాంటి దుకాణాల్లోనే టైపయ్యాయి. అక్కడి పని చాలాకాలం విండోస్ మీద, పేజ్‌మేకర్‌లో, అను ఖతులతో నడిచింది. అను యూనికోడ్ ఖతి కాదు. అది లేని కంప్యూటరులో ఆ గ్రంథాన్ని తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఈ ఇబ్బందిని దాటడానికి యూనికోడ్‌కూ, ఆ వెంట లినక్స్ వంటి స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మారదలచిన అధ్యాపకునికి మొదట ఎదురయ్యే ప్రశ్న: ఏ డెస్క్‌టాప్?

విండోస్‌లో ఈ ప్రశ్న తలెత్తదు. అక్కడ తెర, మెనూలు, కిటికీలు అన్నీ ఒకే సంస్థ ఇచ్చినవి. లినక్స్‌లో వీటిని సమకూర్చే డెస్క్‌టాప్ వేరు, లోపలి వ్యవస్థ వేరు. వాడుకరి తనకు నచ్చిన డెస్క్‌టాప్‌ను ఎంచుకోవచ్చు. దీన్ని సాధారణంగా అభిరుచికి సంబంధించిన విషయంగా భావిస్తారు. తెలుగు వాడుకరి విషయంలో మాత్రం ఇది అక్షరం ఎలా కనిపిస్తుంది, ఏ తెలుగు మాట కనిపిస్తుంది అనే రెండు ప్రశ్నలతో ముడిపడింది. కంప్యూటరు తెలుగు చరిత్ర రాసేటప్పుడు మనం ఖతులనూ, కీబోర్డులనూ లెక్కిస్తాం గాని, డెస్క్‌టాప్‌ను పట్టించుకోం.

రెండు దారులు

1996 అక్టోబరులో జర్మనీ విద్యార్థి మథియాస్ ఎట్రిక్ కేడీఈని ప్రారంభించాడు. దానికి ఆధారమైన క్యూట్ ఉపకరణసముదాయం నార్వేకు చెందిన ట్రోల్‌టెక్ సంస్థది. అప్పటి దాని లైసెన్సు పూర్తి స్వేచ్ఛ ఇచ్చేది కాదు. ఆ అభ్యంతరంతోనే 1997 ఆగస్టులో మెక్సికోకు చెందిన మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా గ్నోమ్‌ను మొదలుపెట్టారు. 2000లో క్యూట్ జీపీఎల్ లైసెన్సు కిందికి రావడంతో తగాదాకు మూలకారణం తొలగింది. అప్పటికే రెండు ఇళ్లు లేచాయి. ఎవరి పునాది వారిదయింది.

అక్షరం

యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉంది. అయితే యూనికోడ్ అక్షరాల వరుసను మాత్రమే భద్రపరుస్తుంది. 'స్త్రీ' అన్నది కంప్యూటరుకు ఆరు సంకేతాల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకార గుణింతం. వీటిని కూర్చి, ఒత్తులను కిందికి దించి, గుడిదీర్ఘాన్ని స మీదికి చేర్చేది వేరొక సాఫ్ట్‌వేర్. ఇక్కడే రెండు డెస్క్‌టాప్‌ల దారులు వేరయ్యాయి. 2002 జూన్‌లో వచ్చిన గ్నోమ్ 2.0 ఈ పనిని పాంగో అనే గ్రంథాలయానికి అప్పగించింది. దాని రూపకర్తల్లో ముఖ్యుడు రెడ్ హ్యాట్‌కు చెందిన ఓవెన్ టేలర్. కేడీఈ మాత్రం క్యూట్‌లోని సొంత యంత్రాంగం మీద ఆధారపడింది. ఫలితంగా ఒకే ఖతితో, ఒకే పదం రెండు డెస్క్‌టాప్‌లలో రెండు విధాలుగా కనిపించే అవకాశం ఏర్పడింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000, వేమన 2000 ఖతులూ, రెడ్ హ్యాట్ 2004లో విడుదల చేసిన లోహిత్ ఖతులూ ఉన్నా, ఖతి ఒక్కటే చాలదు. అచ్చుయంత్రం కాలంలో టైపులు పోతపోసేవారు ఒకరు, వాటిని పేర్చే కంపోజిటరు ఇంకొకరు. ఇక్కడ కంపోజిటరు పని ఈ యంత్రాంగానిది.

2012 తర్వాతి సంవత్సరాల్లో పాంగో, క్యూట్ రెండూ హార్ఫ్‌బజ్ అనే ఉమ్మడి యంత్రాంగానికి మారాయి. ఆ పేరుకు మూలం పారశీక పదాలు. 'హర్ఫ్' అంటే అక్షరం. దీనితో అక్షరరూపం విషయంలో గ్నోమా, కేడీఈనా అన్న వాదానికి పస తగ్గింది. ఈ కూర్పు ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ఆపిల్ ఫోన్లలో 'జ్ఞా'కు సంబంధించిన ఒక సంకేతవరుస వచ్చిన సందేశం తెరిస్తే చాలు, ఆ యాప్ కుప్పకూలేది. తెలుగు అక్షరం అంతర్జాతీయ వార్త అయిన అరుదైన సందర్భం అది, అదీ అపఖ్యాతితో!

పదం

అక్షరం కుదిరాక మిగిలింది పదం. డెస్క్‌టాప్ మెనూల్లోని ప్రతి ఆంగ్లవాక్యం కింద తెలుగు వాక్యం రాసే పీఓ దస్త్రాలే స్థానికీకరణకు ముడిసరుకు. హైదరాబాదులో 2005లో మొదలైన స్వేచ్ఛ ఉద్యమం తెలుగు గ్ను/లినక్స్ రూపకల్పనను లక్ష్యంగా పెట్టుకుంది. బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ కూడా ఆ కృషి ఫలమే. 2007లో సీడాక్ విడుదల చేసిన బాస్ లినక్స్ గ్నోమ్‌నే స్వీకరించింది. 80 శాతం వాక్యాలైనా అనువాదమైన భాషలను మద్దతున్న భాషలుగా విడుదల పత్రాల్లో పేర్కొనడం గ్నోమ్ పద్ధతి. అనువాదకులకు ఇదొక కొలబద్ద.

పదాల ఎంపికలో ఆసక్తికరమైనది 'దస్త్రం'. ఇది పారశీకం నుంచి వచ్చి, కరణాల, పట్వారీల గుడ్డమూటల్లో స్థిరపడిన మాట. 1984లో ఆ వ్యవస్థ రద్దయ్యాక గ్రామంలో దాని వాడుక సన్నగిల్లింది. ఫైలుకు సమానార్థకంగా అది మళ్లీ తెరమీదికి రావడం పదచరిత్రకారులు గమనించదగినది. 'సంచయం' (ఫోల్డరు) మాత్రం పుస్తకాల మాటగానే మిగిలిందని నా అభిప్రాయం. తరగతిగదిలో ఎవరూ 'సంచయం తెరవండి' అనరు. ఒకరు దస్త్రమని, మరొకరు ఫైలని రాస్తే వాడుకరి తికమకపడతాడు. ఈ అనైక్యతను తగ్గించడానికి 2008లో హిందీతో మొదలైన ఫ్యూయల్ ప్రయత్నం, తరచుగా వచ్చే పదాల పట్టికను ఒక్కో భాషకు స్థిరపరచే పని తలపెట్టింది. వేర్వేరు డెస్క్‌టాప్‌లకు ఒకే పదజాలం ఉండాలన్న ఆలోచన అందులో ముఖ్యం.

పట్టిక కుదిరినా ఇల్లు కుదురుగా ఉండలేదు. 2008 జనవరిలో కేడీఈ 4, 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 పాత రూపాన్ని సమూలంగా మార్చాయి. మూలవాక్యం కొద్దిగా మారినా, దాని కింది తెలుగుకు 'ఫజీ' అన్న గుర్తు పడుతుంది. అనువాదకుడు మళ్లీ చూసి ఆ గుర్తు తీసేదాకా తెరమీద ఆంగ్లమే కనిపిస్తుంది. సగం తెలుగు, సగం ఆంగ్లం కలిసిన మెనూలకు కారణం ఇదే, అనువాదకుల అశ్రద్ధ కాదు. ఆంగ్ల వాడుకరులు గ్నోమ్ 3 రూపం నచ్చక విసుక్కున్నారు. తెలుగువారికి జరిగిన నష్టం వేరు: స్వచ్ఛందంగా, రాత్రిళ్లు కూర్చుని చేసిన పని మళ్లీ మొదటికి వచ్చింది.

గ్నోమ్ 2ను వదులుకోలేనివారు 2011లో దాని ప్రతి నుంచి మాటే డెస్క్‌టాప్‌ను నిలబెట్టారు. ఆ ప్రతితోబాటు అప్పటి అనువాదాలూ వచ్చాయి. మూలప్రతి మారిపోయినా లేఖకుడు రాసుకున్న నకలులో పాత పాఠం మిగిలినట్లే ఇది కూడా. తాళపత్రాలతో పనిచేసేవారికి ఈ స్థితి కొత్తదేమీ కాదు.

ఎల్‌బీ నగర్ ప్రాంతపు కళాశాలల్లో తెలుగు శాఖలకు దక్కేవి ఎక్కువగా ఇతర శాఖలు వాడి వదిలిన కంప్యూటర్లే. వాటి జ్ఞాపకశక్తికి గ్నోమ్ 3 బరువవుతుంది. మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలిక. పైగా ఇవి రెండూ గ్నోమ్‌లాగే జీటీకే మీద నిర్మించినవి గనుక అక్షరకూర్పులో తేడా రాదు. కీబోర్డు విషయంలో గ్నోమ్‌కు ఒక సౌలభ్యం ఉంది. 2012 నాటి 3.6 నుంచి ఐబస్ దానిలో అంతర్భాగం. అందులో ఇన్‌స్క్రిప్ట్‌తోబాటు, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరు మోస్తున్న ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ పద్ధతినీ చేర్చుకోవచ్చు. ఇతర డెస్క్‌టాప్‌లలో దీన్ని విడిగా అమర్చుకోవాలి. ఒక్కసారి చేసే ఆ పని కోసం బరువైన డెస్క్‌టాప్‌ను మోయనక్కరలేదని నా అభిప్రాయం.

గ్నోమ్, మాటేల పీఓ దస్త్రాలు ఇప్పటికీ అందరికీ తెరిచే ఉన్నాయి. వాటి తలకట్టులో చివరిసారి సవరించిన తేదీ, అనువాద బృందం పేరు ఉంటాయి. ఒకే ఆంగ్లపదానికి వేర్వేరు సంవత్సరాల్లో తెలుగులో ఏమేం రాశారో, ఏది ఎప్పుడు తొలగిపోయిందో తేదీతోసహా తెలుసుకోవచ్చు. నిఘంటువుల ముద్రణల మధ్య ఇంత దగ్గరి ఆధారం దొరకదు.