తల్లిని చూసి గుడ్డు

తల్లిని చూసి పిల్లను చేసుకోమని మన పెద్దవాళ్ళ మాట. పెళ్ళిళ్ళ సంగతెలా వున్నా, ఈ సూత్రాన్ని అక్షరాలా పాటించిన పెద్దమనిషి ఒకాయన ఫ్రాన్సులో వుండేవాడు. లూయీ పాశ్చర్. పిచ్చికుక్క కాటుకు మందు కనిపెట్టాడే, ఆయనే.

1865లో దక్షిణ ఫ్రాన్సులో పట్టుపురుగులు కుప్పలుగా చచ్చిపోతూ వుంటే, ఆయన్ని ఆలే అనే వూరికి పంపారు. అప్పటికి ఆయనకి పట్టుపురుగుల సంగతేమీ తెలీదు! పురుగుల వంటిమీద మిరియాలపొడి చల్లినట్టు నల్లమచ్చలు. అక్కడివాళ్ళ భాషలో మిరియం పేరుమీదే ఆ రోగాన్ని పెబ్రిన్ అన్నారు. మచ్చలున్నవాటిని ఏరి పారేస్తే సరిపోదా అంటారేమో. పైకి మచ్చలేని తల్లి పెట్టిన గుడ్లలోనూ రోగం వుండేది. అదీ చిక్కు. ఆయన ఒక్కొక్క తల్లి చిలక చేతా విడివిడిగా గుడ్డముక్క మీద గుడ్లు పెట్టించి, ఆనక ఆ తల్లిని కల్వంలో నీళ్ళతో నూరి, ఒక చుక్క మైక్రోస్కోపు కింద చూశాడు. సన్నటి గింజల్లాంటివి కనబడితే ఆ గుడ్లు నిప్పులపాలే. మన పట్టుగుడ్ల కేంద్రాల్లో ఇప్పటికీ తల్లి చిలకకి పరీక్ష తప్పదు. బీరువాలో దాచుకున్న ధర్మవరం చీర వెనక ఇంత కథ వుంది.

ఇంతకీ నేను చెప్పబోయేది చీర గురించి కాదు, చేప గురించి.

జీబ్రా చేప అని, వేలెడంత కూడా లేని చారల చేప. గంగానది చేపల మీద ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో అచ్చువేసిన పుస్తకంలో దీని వర్ణన వుంది. అక్వేరియంల దారిన దేశాలు తిరిగి, అమెరికాలో ఆరిగాన్ విశ్వవిద్యాలయంలో జార్జి స్ట్రైసింగర్ చేతిలో పడింది. 1981లో ఆయన వ్యాసం వచ్చాక దీని దశ తిరిగింది. గుడ్డు తల్లి కడుపు బయటే పెరుగుతుంది. అద్దంలా వుండి, లోపల గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తుంది. ఇంకేం, లాబొరేటరీల్లో తొట్లు తొట్లుగా పెంచసాగారు.

ఆ తొట్లలో పెబ్రిన్ క్రిమికి చుట్టమొకటి చేరింది. 2001లో దానికి సూడోలోమా న్యూరోఫీలియా అని పేరు పెట్టారు. న్యూరోఫీలియా అంటే నరాలంటే ఇష్టమని. మెదడు వెనకభాగంలో, వెన్నుపాములో దాని కాపురం. కొన్ని చేపలు చిక్కి వెన్ను వంకరపోతాయి. చాలావరకు తింటూ, ఈదుతూ, గుడ్లు పెడుతూ నిక్షేపంగా వుంటాయి. అసలు ప్రమాదం అదేనండీ! ఒక మందు భయాన్ని తగ్గిస్తుందా అని చేపమీద పరీక్షిస్తున్నారనుకోండి. అది బెదిరినా, బెదరకపోయినా, మందు గుణమా, మెదడులో తిష్ఠవేసిన క్రిమి గుణమా? రోగమున్న చేపలు గుంపులో మామూలుకన్న దగ్గరదగ్గరగా ఈదుతాయని తేలింది కూడా. తెలీకముందు ఎన్ని లెక్కలు తప్పాయో!

గుడ్లను బ్లీచింగ్ నీళ్ళలో కడగడం ఆ లాబొరేటరీల్లో మామూలే. అయితే గుడ్డు ఓర్చుకోగల మోతాదుకి ఈ క్రిమి బీజాలు చావవు. పైగా కొన్ని గుడ్డు లోపలే వుంటాయి. మళ్ళీ తల్లి దగ్గరికే రావాలి. 2007, 2008లలో ఆరిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంవారు కొత్త చేపలశాలకి అదే చేశారు. గుడ్లు పెట్టిన జంటలకీ, పిల్లల్లో కొన్నిటికీ పి.సి.ఆర్. పరీక్ష. కరోనా రోజుల్లో మన ముక్కుల్లో పుల్లపెట్టి చేశారే, ఆ జాతిదే. కాకపోతే పెద్ద చేపకి మెదడు తీసి చూడాలి, అది బతకదు. రోగం కనబడని జంటల సంతానాన్నే లోపలికి రానిచ్చారు.

అంతటితో వదల్లేదు. కాపలా చేపలని కొన్నిటిని పెంచి, కొన్నాళ్ళకి వాటినీ పరీక్షించడం, జబ్బుగా కనబడిన ప్రతిదాన్నీ కోసి చూడడం. ఇలా మూడేళ్ళు. 2011లో ఆ ఫలితాలు ప్రకటించేనాటికి ప్రధాన చేపలశాలలో ఆ క్రిమి జాడ లేదు.