మెడధమనికి పూడికతీత

ధవళేశ్వరము ఆనకట్ట కాలువలలో పూడిక తీయుటకు వేసవిలో నీరు నిలిపివేయుదురు. మెదడునకు రక్తము నిచ్చు మెడధమనిని అట్లు మూసినచో పక్షవాతము రావచ్చును!

1954 మే నెలలో లండను సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో ఈస్ట్‌కాట్ ఎదుర్కొన్న చిక్కు ఇదియే. రోగి 66 ఏండ్ల స్త్రీ. అప్పటికి 33 మారులు తాత్కాలికముగా పక్షవాత లక్షణములు కనబడినవి. ఆమె దేహమును 28 డిగ్రీల వరకు చల్లబరచిరి; చల్లని మెదడునకు ప్రాణవాయువు కొద్దిగా చాలును. ఇరుకైన భాగమును కోసివేసి కొసలు కలిపిరి. ఆమె కోలుకొనెను. ధమనిని చీల్చి లోని కొవ్వుపొరను ఒలుచు పద్ధతిని అమెరికాలో డిబేకీ 1953లోనే అనుసరించెను. నేడు వాడుకలో నున్నది అదియే.

కాలువ పోలిక ఇంతవరకే. ఇచట ముప్పు రక్తము చాలకపోవుటకంటె, గడ్డలు తెగి మెదడులోనికి కొట్టుకొనిపోవుటవలననే హెచ్చు. లక్షణములు కనబడి, ధమని 70 శాతమునకు పైగా ఇరుకైనవారిలో రెండేండ్లలో ఆ వైపు పక్షవాతము మందులతో 26 శాతము, శస్త్రముతో 9 శాతము అని 1991లో తేలెను. తరువాత స్టెంటు వచ్చినది. 70 ఏండ్లు దాటినవారికి మాత్రము కత్తియే మేలు.