గ్రామోద్యోగుల పొందిక

పలువురు కూడి యొక పనిని నెరవేర్చుటెట్లు? నేడు విశ్వవిద్యాలయములలో దీనిని ప్రత్యేకశాస్త్రముగా బోధించుచున్నారు. మన మద్దికెర సీమలో దీనికి నిదర్శనము పూర్వమే కలదు. కరణము లెక్క వ్రాసెడివాడు. రెడ్డి శిస్తు వసూలుచేసెడివాడు. తలారి పంటను కాచెడివాడు. ఒకరి పనికి మఱియొకరు సాక్షి.

1800లో నైజాము దత్తమండలముల నింగ్లీషువారి కిచ్చెను. 1807 వఱకు కలెక్టరుగా నున్న మన్రో యీ కట్టుబాటును చెఱుపక, శిస్తును మాత్రము రైతుతో నేరుగా కుదుర్చుకొనెను. ఆయన వెడలిన పిమ్మట గ్రామములను గుత్తకిచ్చిరి. భారమంతయు నొక్క గుత్తదారునిపై పడెను; పంట చెడిన నాతడు కూలెను, రైతు నలిగెను. 1820లో మన్రో గవర్నరుగా రాగా రైతువారీ మరల నెలకొనెను. ఆయన 1827లో మన పత్తికొండలోనే వాంతిభేదితో గతించెను.

అట్లని పాతపద్ధతి నిర్దోషము కాదు. ఉద్యోగములు వంశపారంపర్యములు, కరణమును రెడ్డియు నేకమైనచో సాక్షియే లేడు. చదువురాని రైతు మొఱ యెవరు విందురు? 1984లో రాష్ట్రప్రభుత్వ మా యుద్యోగములను రద్దుచేసెను.

పేర్లు మాఱినవి, ధర్మము మాఱలేదు. మీ యూరి సొసైటీలో, గుడి ధర్మకర్తల సభలో, లెక్క వ్రాయువాడును సొమ్ము పట్టువాడును ఒక్కడేనా? విచారింపుడు.