యల్లాప్రగడ సుబ్బారావు: క్యాన్సర్ మందుల పరిశోధన

పిల్లలలో వచ్చే ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌ను మందుతో తాత్కాలికంగానైనా అణచవచ్చని చూపిన అమినోప్టెరిన్, నేటికీ వాడుకలో ఉన్న మెథోట్రెక్సేట్ రెండూ యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) నడిపిన ప్రయోగశాలలో పుట్టాయి. క్యాన్సర్ గడ్డకు రక్తం అందించే నాళాలను అడ్డుకునే చికిత్సలోనూ మెథోట్రెక్సేట్ తర్వాతి కాలంలో చోటు సంపాదించుకుంది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. రాజమండ్రిలోను, మద్రాసులోను చదివారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను వేసుకుని శస్త్రచికిత్స తరగతికి వెళ్ళినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో శాస్త్రవేత్త సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల గుర్తింపు కూడా ఆ కాలపు ఫలితమే.

ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధి ఆయనను కూడా పీడించింది. పేగులు ఆహారాన్ని పీల్చుకోలేక, రక్తం క్షీణించిపోయే జబ్బు ఇది. కాలేయంలో రక్తహీనతను పోగొట్టే పదార్థమేదో ఉందని అప్పటికే తెలుసు. ఆ పదార్థం కోసం ఆయన అన్వేషణ 1940లో చేరిన లెడర్లే మందుల సంస్థలోనూ సాగింది. ఆ సంస్థ పెరల్ రివర్ ప్రయోగశాలలోని ఆయన బృందం 1940ల మధ్యలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది మందుగా పనికివచ్చింది.

క్యాన్సర్ మందుకు దారి ఇక్కడే, అదీ ఒక ఎదురుదెబ్బ నుంచే దొరికింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలు ఇస్తే వ్యాధి తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. పోషణ ఇస్తే పెరిగే కణాలు, ఆ పోషణకు అడ్డుపడితే ఆగాలి కదా అన్నది తర్వాతి ఆలోచన. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూనే దాని పనిని చెడగొట్టే పదార్థాలను సుబ్బారావు బృందం తయారుచేసి ఫార్బర్‌కు పంపింది. ఇవి ఫోలిక్ ఆమ్లాన్ని క్రియాశీలం చేసే ఎంజైమును పట్టి ఉంచుతాయి. దాంతో డీఎన్ఏ తయారీ నిలిచి, కణం విభజన చెందలేదు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసం ప్రకారం, వాటిలో ఒకటైన అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించింది. ఆ ఉపశమనం తాత్కాలికమే. అయినా, అంతవరకు వైద్యుడు చేతులెత్తేసే జబ్బుకు మందు ఉండగలదని తేలడం చిన్న విషయం కాదు.

ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్ కన్నా మెరుగైన మెథోట్రెక్సేట్ 1956లో గర్భసంబంధమైన కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను పూర్తిగా నయం చేసినప్పుడు చూడటానికి ఆయన లేరు.  

ఫార్బర్ పనిచేసిన ఆసుపత్రిలోనే శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ 1971లో క్యాన్సర్ గడ్డల గురించి మరో వాదన ముందుకు తెచ్చారు. గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్లు మించి పెరగాలంటే కొత్త రక్తనాళాలు కావాలి. చేలోకి బోదె తవ్వుకున్నట్టు, గడ్డ కొన్ని రసాయనాలు విడుదల చేసి పక్క నాళాల నుంచి కొమ్మలు రప్పించుకుంటుంది. ఆ దారి మూస్తే గడ్డ ఎదగదని ఆయన వాదన. చాలామంది మొదట్లో నమ్మలేదు. 2004లో ఆ దారి మూసే బెవాసిజుమాబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి రావడంతో ఆ సిద్ధాంతం చికిత్సగా నిలిచింది.

పాత కీమోథెరపీ మందులనే తక్కువ మోతాదులో, ఎక్కువ విరామం లేకుండా ఇస్తే అవి రక్తనాళాల లోపొర కణాలను దెబ్బతీస్తాయని ఫోక్‌మన్ బృందం 2000లో ఎలుకలలో చూపింది. ఈ పద్ధతిని మెట్రోనామిక్ చికిత్స అంటారు. 2002లో ఇటలీ వైద్యులు రొమ్ము క్యాన్సర్ ముదిరినవారికి సైక్లోఫాస్ఫమైడ్‌తో పాటు మెథోట్రెక్సేట్‌ను మాత్రలుగా ఇచ్చి చూశారు. నాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ ఆ రోగుల రక్తంలో తగ్గింది. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 2020లో ప్రచురించిన పరీక్షలో, నయమయ్యే దశ దాటిన తల, మెడ క్యాన్సర్ రోగులకు ఇదే పద్ధతిలో మెథోట్రెక్సేట్, వాపు తగ్గించే సెలెకాక్సిబ్ మాత్రలు ఇచ్చారు. సిస్ప్లాటిన్ ఇంజెక్షన్ తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం 6.1 నెలలు కాగా, ఈ చవక మాత్రలు వాడినవారిది 7.5 నెలలు.