ఒక మైకు నుంచి ఎనిమిది ట్రాకుల దాకా

ఘంటసాల తొలినాళ్లలో మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో పాట ఒక్క ఊపున పూర్తికావాలి. గాయకుడూ వాద్యబృందమూ కలిసే పాడి వాయించేవారు. ఎవరి ధ్వని ఎంత వినబడాలో ప్రధానంగా మైకుకు వారి దూరమే తేల్చేది. చివరి చరణంలో వయొలిన్ తప్పితే పల్లవి నుంచి మళ్లీ మొదలు. ఆనాటి పాటల బిగువులో కొంత ఈ కట్టుబాటు పెట్టిందేనని నా నమ్మకం.

అమెరికాలో అప్పటికే దారి మారుతోంది. యాంపెక్స్ సంస్థ 1957లో గిటారిస్టు లెస్ పాల్‌కు ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం అందించింది. ఎక్కించిన ట్రాకును వింటూనే పక్క ట్రాకులో కొత్తది ఎక్కించవచ్చు. ఈ పద్ధతి మన సినిమాకు ఆలస్యంగా వచ్చినా అలవాట్లన్నీ మార్చింది. ముందు ట్రాక్ సింగర్ పాడి ఉంచితే, అసలు గాయకులు వీలు చూసుకుని వచ్చి పాడి వెళ్లేవారు. 1992లో ‘రోజా’ వచ్చేసరికి, కోడంబాక్కంలోని ఇంటి స్టూడియోలో పెద్ద సినిమా సంగీతం చేయవచ్చని ఏ.ఆర్. రెహమాన్ చూపించాడు.

అంతకు ముందు ఏడాది, 1991లో, కంప్యూటర్‌లో రికార్డు చేసే డిజిడిజైన్ ప్రోటూల్స్ నాలుగు ట్రాకులతో వచ్చింది. అప్పట్లో అది ధనవంతుల సరుకు. మామూలు కంప్యూటర్‌కు అసలు అడ్డంకి వేరే ఉంది. విండోస్ ధ్వని ఏర్పాటు ఎడమ, కుడి అనే రెండు చానళ్లను దృష్టిలో పెట్టుకున్నది. ఎనిమిది మైకులను కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ పెట్టె తగిలించినా చాలాసార్లు రెండు చానళ్లే దక్కేవి. స్టైన్‌బర్గ్ 1997లో తెచ్చిన ఆసియో డ్రైవర్ ఆ దారిని తప్పించి, చానళ్లన్నిటినీ ఒకేసారి నేరుగా సాఫ్ట్‌వేర్‌కు చేర్చింది. ఆలస్యమూ తగ్గింది. సెకనుకు 48,000 శాంపిళ్ల వేగంలో 256 శాంపిళ్లను కూడబెట్టే బఫర్ అంటే సుమారు 5 మిల్లీసెకన్ల ఆలస్యం. హెడ్‌ఫోన్‌లో తన గొంతు అంతకన్నా బాగా వెనకబడితే గాయకుడు తాళం తప్పుతాడు.

2000లో వచ్చిన రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఉచితం. కానీ లైసెన్సుల పొత్తు కుదరక విండోస్ కోసం ఇచ్చే ప్రతిలో ఆసియో చాలాకాలం లేదు. 2006 నాటికి తక్కువ ధరకు రీపర్ వచ్చి ఆ లోటు తీర్చింది.

ఇంకో చిక్కు గడియారానిది. రెండు చిన్న ఇంటర్‌ఫేస్‌లు కలిపితే నాలుగు చానళ్లు వస్తాయనుకుంటారు. ప్రతి పెట్టెకూ శాంపిళ్ల వేగాన్ని నడిపే సొంత గడియారం ఉంటుంది కాబట్టి, రెంటినీ ఒకే గడియారానికి ముడివేయకపోతే గంట గడిచేసరికి మృదంగమూ గొంతూ ఎడమవుతాయి. అందుకే ఎనిమిది ఇన్‌పుట్లున్న ఒకే పెట్టె మేలు.

ఈ చరిత్ర వల్ల ఎక్కువ లాభం స్టూడియో గడప ఎక్కనివాళ్లకే అంటాను. బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగాలకు వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్ల భజనలు, పెళ్లిపాటలు ఒక్క మైకు క్యాసెట్‌లో పడితే డోలక్ గొంతులను మింగేస్తుంది, తర్వాత విడదీయడం కష్టం. విడి ట్రాకులుంటే ఎవరి ధ్వని ఎంత వినబడాలన్న తీర్పు ఎన్నాళ్లకైనా మార్చుకోవచ్చు. ఎనిమిది ట్రాకులు, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో గంటకు సుమారు 4 గిగాబైట్లే.

బిలాస్‌పూర్ కుదుదండ్‌లోనో మరే పేటలోనో పాత పాటలు తెలిసిన పెద్దవాళ్లుంటే, వచ్చే శ్రీరామనవమికి ఒక్కొక్కరి ముందూ ఒక్కో మైకు పెట్టండి. మిక్సింగ్ తర్వాత చూసుకోవచ్చు, విడి ట్రాకులు మాత్రం చెరపకండి.