మసికీ ఒక తిథి ఉండేది

ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ ఇప్పుడు కట్టే అపార్టుమెంట్లలో పొయ్యి పైన చిమ్నీ మామూలు వస్తువైపోయింది. బిగించిన కొన్నాళ్లకు వినపడే ఫిర్యాదూ మామూలే: మోత పెరిగింది, లాగుడు తగ్గింది. నెపం మోటారు మీదికో కంపెనీ మీదికో పోతుంది. జాలీ విప్పి చూసేవాళ్లు తక్కువ. పొగను బయటికి పంపే ఏర్పాటు ఏదైనా సరే, దాన్ని శుభ్రం చేసే పనికి ఇంటి క్రమంలో ఒక రోజు, ఒక వేళ ఉన్నంతకాలమే అది పనిచేసింది. ఆ క్రమం లేనప్పుడు ఎంత తెలివిగా తయారుచేసిన పొయ్యి అయినా మూలపడింది. కొల్లేటి చుట్టుపక్కల వంటిళ్ల చరిత్ర చూస్తే ఈ మాట తేటపడుతుంది.

కొల్లేటి చుట్టూ ఉన్న ఈ డెల్టాలో అడవి తక్కువ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీరు పారిన నేలంతా వరి వైపు మళ్లింది. గడ్డి పశువులకు పోయేది. పొయ్యిలోకి మిగిలినవి పిడకలు, తాటిమట్టలు, కొబ్బరి డొక్కలు, తుమ్మకంప, రైసు మిల్లులు వచ్చాక ఊక. రేకుడబ్బా నడుమ కర్ర నిలబెట్టి, చుట్టూ ఊక గట్టిగా కూరి, కర్ర మెల్లగా పైకి లాగితే మిగిలే బొక్కలో మంట నిలబడేది. కూరడం వదులైతే ఊక కూలి, మంట ఆరి, ఇల్లంతా పొగే. కొల్లేటి లంకల్లో మరో తిప్పలు. వానాకాలం నీళ్లు చుట్టుముట్టాక పొడి వంటచెరుకు దొరకడం గగనం. తడి పిడక మంట కన్నా పొగే ఎక్కువ ఇస్తుంది. తాటాకిళ్లకు వేరే పొగదారి అక్కర్లేదు, ఆకు సందుల్లోంచే పొగ వెళ్లిపోయేది. వెళ్తూ వెళ్తూ కప్పుకు పురుగు పట్టకుండా కాపాడేది. పెంకుటిళ్లలో పొయ్యి పైన పొగగూడు వదిలేవారు. రెండు చోట్లా పొగ పోయేది, మసి మిగిలేది. వాసాలకు, ఉట్టి తాళ్లకు, అటక మీది కుండలకు నల్లటి బంకలా పట్టేది.

ఆ మసిని ఎప్పుడు ఎవరు తీయాలన్నది ఎవరూ వేసుకోవాల్సిన ప్రశ్న కాదు, జవాబు ముందే ఉండేది. తెల్లవారితే పొయ్యిలో బూడిద ఎత్తి, మట్టీ పేడా కలిపి అలికి, ముగ్గు పెట్టాకే నిప్పు రాజేసేవారు. ఎసరు పెట్టే ముందు గిన్నె అడుగుకు తడిమట్టి పలచగా పూసేవారు. మసి ఆ పూత మీదే పట్టేది, తోమేటప్పుడు పూతతోపాటు ఊడివచ్చేది. మురికి పట్టకముందే దాన్ని వదిలించే ఉపాయం చేయడమంటే ఇదే. తోమడానికి వాడే బూడిదలో క్షారం ఉంటుంది కాబట్టి జిడ్డు సబ్బుగా మారి నీళ్లతో పోయేది. ఇత్తడికి చింతపండు పులుపు. ఇక ఏడాదికొకసారి, సంక్రాంతి ముందు, ధనుర్మాసంలో బూజుకర్ర బయటికొచ్చేది. మసి పట్టిన బూజు దులిపి, వంటింటి గోడలకు సున్నం కొట్టేవారు. పనికిరానివి భోగిమంటలోకి. అలకడం రోజూ, దులపడం ఏటా. శుభ్రత ఒకరి ఓపికకో ఇష్టానికో వదిలేసిన విషయం కాదు.

ఇదంతా పాతకాలపు భజన అని ఎవరైనా అనవచ్చు. ఆ పొగలో కళ్లు మండినవాళ్లూ, దగ్గినవాళ్లూ, ఆ అలుకుళ్లకు నడుములు విరిగినవాళ్లూ ఆడవాళ్లే కదా! ఒప్పుకోవాల్సిందే. పిడకల పొగ ఊపిరితిత్తులకు చేసే కీడు గురించి ఇప్పుడు ఎవరికీ అనుమానం లేదు, ఆ పొయ్యి మళ్లీ రావాలని కోరుకోవడం అన్యాయం. నేను మెచ్చుకునేది పొయ్యిని కాదు, పనికి ముహూర్తం పెట్టిన పద్ధతిని. అది లేకపోతే ఏమవుతుందో పొగరాని పొయ్యిల కథ చూపిస్తుంది. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితోనే గొట్టమున్న పొయ్యి రూపొందించి, 1953లో దాని మీద ఇంగ్లీషులో పుస్తకమే వేశారు. లక్షలాది వంటిళ్లను పొగ నుంచి తప్పించాలన్నది ఆయన ఆశ. 1983లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దేశమంతటా కోట్ల పొయ్యిలు కట్టారు, 2002లో ఆపేశారు. తర్వాత రీమా హన్నా, ఎస్తర్ డఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు పక్కనున్న ఒడిశాలో ఇటువంటి పొయ్యిలు పెట్టిన ఇళ్లను ఏళ్ల తరబడి గమనించారు. మొదటి ఏడాది పొగ పీల్చడం తగ్గింది, ఆ తర్వాత తేడా మాయమైంది. కారణం పొయ్యి లోపం ఒక్కటే కాదు. గొట్టంలో మసి తీయాలి, పగుళ్లు మెత్తాలి. ఆ పని ఇళ్లలో సరిగా జరగలేదు, పొయ్యి వాడకమూ తగ్గిపోయింది. రోజూ పొయ్యి అలికే చేతికి గొట్టం శుభ్రం చేసే అలవాటు ఎవరూ అప్పగించలేదని నా అభిప్రాయం. పొయ్యి ఇచ్చారు, తిథి ఇవ్వలేదు.

గ్యాసు వచ్చాక కథ ముగిసిందనుకున్నాం. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల యోజన కనెక్షన్లను పేద ఇళ్లకు చేర్చాయి. కట్టెల పొగ తగ్గింది. కానీ నూనె ఆవిరి ఎక్కడికీ పోలేదు. కొల్లేటి చేపల వేపుడు, పప్పులో తాలింపు, సాయంత్రం బజ్జీలు మానేసిన ఇల్లు ఏది? మరిగే నూనె నుంచి లేచిన సన్నటి తుంపర చిమ్నీలోని స్టీలు పలకల మలుపుల్లో తిరగలేక వాటికే కొట్టుకుని, చుక్కలై కిందున్న గిన్నెలోకి జారుతుంది. చుట్టూ ఉన్న దుమ్ముతో కలిస్తే అదే ముదురు గోధుమరంగు బంక. వేలితో తాకితే సాగుతుంది. గాలిదారి ఆ మేరకు ఇరుకై లాగుడు తగ్గుతుంది, మంట ఎగసి తగిలితే ఆ జిడ్డే అంటుకుంటుంది. చిమ్నీ లేని ఇంట్లోనూ ఇదే బంక ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కల మీద ఉంటుంది, కనుక ఇది డబ్బున్నవాళ్ల గొడవ అనే వాదన నిలవదు.

మరి తనంతట తానే శుభ్రపడే చిమ్నీలు వచ్చాయి కదా అంటారా? వాటిలో చాలావరకు వేడితో లోపలి జిడ్డును కరిగించి గిన్నెలోకి దించుతాయి. ఆ గిన్నె ఒంపాల్సింది మనమే. గోడ దాటి పోయే గొట్టంలోకి ఆ వేడి చేరదు. కనబడకుండా పేరుకునేది అక్కడే. పాత మసికి ఒక మేలుండేది: అది కంటికి కనబడి తొందరపెట్టేది. చిమ్నీ జిడ్డును నున్నటి పలక వెనక దాచేస్తుంది, కాబట్టి గుర్తు చేయాల్సిన బాధ్యత పంచాంగానిదే. రోజూ వేపుళ్లు చేసే ఇంట్లో నెలకొకసారి జాలీ విప్పి, వేడినీళ్లలో వంటసోడా, గిన్నెల సబ్బు వేసి నానబెడితే చాలు. అల్యూమినియం జాలీ అయితే కాస్టిక్ సోడా జోలికి పోకండి, లోహాన్నే తినేస్తుంది. గొట్టం సంగతి సంక్రాంతి బూజుకర్ర రోజుకు కలిపేయండి. కొత్తగా చిమ్నీ పెట్టించుకునేవాళ్లు, బిగించడానికి వచ్చిన మనిషి వెళ్లకముందే, గొట్టం ఎక్కడ విప్పాలో దగ్గరుండి చూపించుకోండి. ఆ విప్పి బిగించే పని ఇంట్లో మగవాళ్లు కూడా నేర్చుకోవచ్చు.